పాత స్పోర్ట్స్ కారు ఇంజన్ పరీక్ష: ఎంజీబీ ఉదాహరణగా

కొత్తగా చేతికొచ్చిన పాత స్పోర్ట్స్ కారులో ఇంజన్ ఏ స్థితిలో ఉందో తేల్చుకోవడం ఆ కారు పోషణలో మొదటి పని. కొనేముందు చేసే పరీక్ష వేరు, కొన్నాక చేసేది వేరు. కొనేటప్పుడు దొరికే వ్యవధి తక్కువ, అమ్మేవాడు పక్కనే ఉంటాడు, ప్లగ్గులు విప్పుతామంటే ముఖం మాడ్చుకుంటాడు. కొన్నాక బేరం గొడవ లేదు. ఇంజన్‌ను ఉన్నదున్నట్టు నడుపుకోవచ్చా, పైపైన సరిచేస్తే చాలా, దించి విప్పించాలా అన్నదే మిగిలిన ప్రశ్న. ఈ మూడింటి ఖర్చుకీ మధ్య చాలా దూరం ఉంది కాబట్టి తొందరపడి తీర్పు చెప్పడం మంచిది కాదు.

అరిగిపోయిన ఇంజన్‌కూ, సర్దుబాటు తప్పిన ఇంజన్‌కూ లక్షణాలు చాలావరకు ఒకటే. పొగ, పికప్ లేకపోవడం, వేడెక్కడం, టకటక చప్పుడు రెంటిలోనూ కనిపిస్తాయి. పాత కార్ల యజమానులు ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది ఈ రెంటినీ ఒకటనుకోవడం వల్లనే. ఏ ఒక్క కొలతనూ నమ్మకుండా, ఖర్చులేని పరీక్షలతో మొదలుపెట్టి, ఒకదాని సాక్ష్యాన్ని ఇంకొకదానితో సరిచూసుకుంటూ పోవాలి. పద్ధతి అన్ని కార్లకూ దాదాపు ఒకటే అయినా అంకెలు మారతాయి. అందుకని ఇక్కడ ప్రపంచంలో బాగా వ్యాపించిన పాత స్పోర్ట్స్ కార్లలో ఒకటైన బ్రిటిష్ ఎంజీబీని ఉదాహరణగా తీసుకున్నాం.

కారు, దాని ఇంజన్

ఎంజీబీ 1962లో విడుదలై 1980 అక్టోబరు వరకు ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్ కర్మాగారంలో తయారైంది. మొదట గుడ్డ టాపు ఉన్న రెండు సీట్ల కారుగా వచ్చింది. 1965లో ఇనప టాపుతో జీటీ రకం చేరింది. అన్ని రకాలూ కలిపి 5 లక్షలకు పైగా తయారయ్యాయి. అందులో పెద్ద వాటా అమెరికాకు వెళ్లింది.

ఇందులో ఉన్నది బీఎంసీ బీ-సిరీస్ ఇంజన్. నాలుగు సిలిండర్లు, 1798 సీసీ, బోరు 80.26 మి.మీ., స్ట్రోకు 88.9 మి.మీ. బ్లాకు, హెడ్డు రెండూ పోత ఇనుమే. వాల్వులు హెడ్డులో ఉంటాయి, వాటిని పక్కనున్న క్యామ్‌షాఫ్ట్ పుష్‌రాడ్ల ద్వారా తెరుస్తుంది. మామూలు రకంలో కంప్రెషన్ నిష్పత్తి 8.8:1. రెండు ఎస్‌యూ కార్బ్యురేటర్లతో నిమిషానికి 5400 చుట్ల వద్ద 95 హార్స్‌పవర్ అని తయారీదారు ప్రకటించాడు. 1970ల మధ్య నుంచి అమెరికా కార్లకు ఒకే ఒక జెనిత్-స్ట్రాంబర్గ్ కార్బ్యురేటర్ పెట్టి, కాలుష్య నియంత్రణ సరంజామా తగిలించారు. వాటికి పికప్ పుట్టుకతోనే తక్కువ. అలాంటి కారు కొన్నవాడు ఇంజన్ అరిగిపోయిందని బెంగపడే ముందు అది ఏ దేశం కోసం తయారైందో చూసుకోవాలి.

తెలుగు నేల మీది మెకానిక్‌లకు ఈ ఇంజన్ బంధువే. హిందుస్తాన్ మోటార్స్ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారుచేసిన అంబాసిడర్‌లో దశాబ్దాలపాటు నడిచిన 1489 సీసీ పెట్రోలు ఇంజన్ ఈ బీ-సిరీస్ కుటుంబానిదే. స్ట్రోకు రెంటికీ ఒకటే, 88.9 మి.మీ. బోరు మాత్రం అంబాసిడర్‌ది 73 మి.మీ. ఎంజీబీకి ముందు తరమైన ఎంజీఏ స్పోర్ట్స్ కారు 1955లో వచ్చినప్పుడు దానిలో ఉన్నదీ 1489 సీసీ ఇంజనే. అంబాసిడర్ టాక్సీల టాపెట్లు సర్ది, బోరు చేయించి, హెడ్ గాస్కెట్లు మార్చి ముదిరిన విజయవాడ మిస్త్రీకి ఎంజీబీ బానెట్ ఎత్తితే కొత్తగా కనిపించేది జంట కార్బ్యురేటర్లు మాత్రమే. స్పోర్ట్స్ కారు అనగానే ఏదో గహనమైన యంత్రం అనుకోనక్కరలేదు.

1964 చివరి వరకు వచ్చిన ఎంజీబీల్లో క్రాంక్‌షాఫ్ట్‌కు మూడు మెయిన్ బేరింగులు ఉండేవి. ఆ తర్వాత ఐదు చేశారు. మూడు బేరింగుల ఇంజన్ చుట్లు తొందరగా పెంచుకుంటుందని కొందరు ఇష్టపడతారు. ఐదు బేరింగులది ఎక్కువ కాలం మన్నుతుంది. బాగా చూసుకుంటే లక్ష మైళ్లు విప్పకుండా నడుస్తుందన్న పేరు దీనికుంది. స్పీడోమీటరులో మైళ్లకు ఐదు అంకెలే ఉన్నాయన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. 42,000 చూపించే కారు 1,42,000 మైళ్లు తిరిగిందీ కావచ్చు.

నంబరు ఏం చెబుతుంది

ఇంజన్ నంబరు బ్లాకు కుడిపక్కన రివెట్లతో బిగించిన చిన్న పలక మీద ఉంటుంది. 18జీ, 18జీఏ అంటే మూడు బేరింగుల తొలి ఇంజన్లు. 18జీబీతో ఐదు బేరింగులు మొదలయ్యాయి. 1970ల కార్లకు 18వీ అన్న మొదలు ఉంటుంది. పలక లేకపోతే, లేదా కర్మాగారం మళ్లీ తయారుచేసి ఇచ్చిన గోల్డ్ సీల్ ఇంజన్ పలక ఉంటే, కారుతో పుట్టిన ఇంజన్ కాదని అర్థం. అది తప్పేమీ కాదు, ఒక్కోసారి మేలే. ఏ కారు ఏ ఇంజన్‌తో కర్మాగారం దాటిందో తెలుసుకోవాలంటే గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం పాత ఉత్పత్తి రికార్డుల ఆధారంగా ధ్రువపత్రం ఇస్తుంది.

భారత్‌లో నంబరు ఊరికే సరదా కాదు. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన వాహనాలకు వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. షాసీలో, బాడీలో, ఇంజన్‌లో చెప్పుకోదగ్గ మార్పులు చేసి ఉండకూడదన్నది షరతు. వేరే జాతి ఇంజన్ ఎక్కించిన కారు ఇక్కడ ఇరుక్కుంటుంది.

సెల్ఫ్ కొట్టకముందు

నెలల తరబడి, ఏళ్ల తరబడి కదలని కారు చేతికొచ్చినప్పుడు అందరికీ ఉండే తహతహ ఒక్కటే, వెంటనే స్టార్ట్ చేసి చప్పుడు వినాలని. దాన్ని అణచుకోవాలి. ఎండిపోయిన బోరులో తుప్పు పట్టిన రింగులు ఒక్క అరనిమిషంలో చేసే గీతలు, ఆ కారు అంతకుముందు పదివేల మైళ్లలో పడిన అరుగుదల కంటే ఎక్కువ కావచ్చు.

ముందు ఆయిల్ కొలకర్ర తీసి చూడాలి. నల్లగా ఉండటం దోషం కాదు. పెట్రోలు వాసన వస్తే కార్బ్యురేటరు పొంగుతోందని, చోక్ ఇరుక్కుందని అనుమానించాలి. మట్టం ఉండాల్సినదానికంటే పైకి ఉంటే పెట్రోలో, నీళ్లో కలిసిందన్నమాట. ఆయిల్ పోసే మూత అడుగున మీగడలాంటి తెల్లటి జిడ్డు చాలామందిని భయపెడుతుంది. చలిదేశాల్లో దగ్గరి దూరాలు మాత్రమే తిరిగిన కార్లకు ఆ జిడ్డు ఆవిరి చెమ్మ వల్ల కూడా పడుతుంది. జిడ్డు మూతకే పరిమితమై, కొలకర్ర మీద ఆయిల్ మామూలుగా ఉంటే హెడ్ గాస్కెట్‌ను తప్పుపట్టనక్కరలేదు. కర్ర మీదా అదే రంగుంటే అది వేరే కథ.

తర్వాత పాత ఆయిల్ దించేయాలి. దించేటప్పుడు మొదట వచ్చేది గాజు సీసాలో పట్టుకుంటే అడుగున నీళ్లు ఉన్నాయేమో తెలుస్తుంది. పాత ఫిల్టర్‌ను పారేయకుండా కోసి, లోపలి కాగితాన్ని విప్పి వెలుతురులో చూడాలి. ఇంజన్ విప్పకుండా దాని లోపలి సంగతి ఇంత చవగ్గా చెప్పే పరీక్ష మరొకటి లేదు. అక్కడక్కడ మెరిసే సన్నటి నలుసు ఈ వయసు ఇంజన్‌లో ఉండేదే. వేలికి తగిలే బూడిదరంగు రేకులు బేరింగు పూతవి. రాగి రంగు కనిపిస్తే బేరింగు పైపూత అరిగి అడుగు పొర బయటపడిందని అర్థం. అయస్కాంతానికి అంటుకునే ముక్కలు క్యామ్, టాపెట్ల నుంచో, గొలుసు నుంచో రాలి ఉంటాయి. రాగి కనిపించాక మిగిలిన పరీక్షలు ఏం చెప్పినా ఆ ఇంజన్‌ను దూరప్రయాణానికి తీసుకెళ్లకూడదు.

కొత్త ఆయిల్ 20డబ్ల్యూ-50 చిక్కదనంలో, సుమారు నాలుగుంబావు లీటర్లు పడుతుంది. కూలర్ ఉంటే ఇంకొంచెం. ఈ ఇంజన్ టాపెట్లు క్యామ్ మీద రాసుకుంటూ నడిచే రకం, దొర్లే రకం కాదు. వాటికి జింకు, ఫాస్ఫరస్ కలిసిన అరుగుదల నిరోధకం కావాలి. కాలుష్య నిబంధనల కోసం కొత్త కార్ల ఆయిళ్లలో దాన్ని తగ్గించారు. పాత కార్లకని అమ్మే ఆయిల్ కొనడం చాదస్తం కాదు.

ఆ తర్వాత ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో చెంచాడు పల్చటి ఆయిల్ పోసి, ఒక రాత్రి వదిలి, ఇంజన్‌ను చేత్తో తిప్పాలి. ప్లగ్గులు లేకుండా నాలుగో గేరులో కారును ముందుకూ వెనక్కూ తోసినా క్రాంక్ తిరుగుతుంది. ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చేయకూడదు. ఫోనుకు తగిలించే సన్నటి కెమెరాలు ఇప్పుడు చవగ్గా దొరుకుతున్నాయి కాబట్టి ప్లగ్ రంధ్రంలోంచి బోరు గోడలు చూడటం పెద్ద పని కాదు. అడ్డదిడ్డంగా వేసిన సన్నటి గీతలు ఇంకా కనబడితే బోరు బాగున్నట్టు. ఒకే ఎత్తులో గోడ చుట్టూ తుప్పు వలయం కనబడితే పిస్టన్ ఏళ్లపాటు అక్కడే ఆగిపోయిందని, ఆ సిలిండర్ పొగ కొట్టబోతోందని ముందే తెలిసిపోతుంది.

బ్యాటరీ కలిపే ముందు ఇంకొక జాగ్రత్త. 1967 వరకు వచ్చిన ఎంజీబీల్లో బ్యాటరీ పాజిటివ్ వైపు బాడీకి కలుస్తుంది. ఆ తర్వాతి వాటిలో నెగటివ్. మధ్యలో ఎవరైనా మార్చి కూడా ఉండవచ్చు. చూడకుండా కలిపితే ఆల్టర్నేటర్ కాలిపోతుంది.

ఇంజన్‌కు ఆయిల్ పంపు కూడా ఒక చిక్కే. చాలాకాలం ఆగిన బీ-సిరీస్‌లో పంపు ఎండిపోయి ఆయిల్ లాగనని మొండికేస్తుంది. అందుకని ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ కొట్టి, గేజీలో ముల్లు లేచేదాకా చూసి, ఆ తర్వాతే ప్లగ్గులు బిగించాలి.

మొదటి స్టార్టు

తాళం తిప్పగానే కారు వెనక భాగం నుంచి ఎస్‌యూ పెట్రోలు పంపు టిక్‌టిక్‌మంటుంది. కార్బ్యురేటర్ల గిన్నెలు నిండగానే ఆగిపోవాలి. ఆగకుండా కొట్టుకుంటుంటే పెట్రోలు ఎక్కడో కారుతోంది, పొంగుతోంది, లేదా పంపు గాలి పీలుస్తోంది.

ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు చేసిన స్టార్టుకే విలువ. అప్పటికే వేడిగా ఉన్న ఇంజన్ చాలా నిజాలు దాచేస్తుంది. స్టార్టయిన వెంటనే ఒక్కసారి నీలం పొగ వచ్చి ఆగిపోతే రాత్రంతా వాల్వు గైడ్ల వెంట ఆయిల్ జారిందని అర్థం. పల్లంలో యాక్సిలరేటర్ వదిలి దిగి, మళ్లీ తొక్కగానే నీలం పొగ వచ్చినా గైడ్లే. బరువు మీద లాగుతున్నంతసేపూ నీలం పొగ వస్తే రింగులు, బోరు. నల్లపొగ పెట్రోలు ఎక్కువైనందుకు వచ్చేది, ఇంజన్ అరుగుదలతో దానికి సంబంధం లేదు. తెల్లటి ఆవిరి చలి ఉదయాన అందరి సైలెన్సర్లలోనూ వస్తుంది. ఇంజన్ వేడెక్కాక కూడా తియ్యటి వాసనతో వస్తూనే ఉంటే రేడియేటర్ నీళ్లు సిలిండర్‌లోకి పోతున్నాయి.

చప్పుళ్ల విషయంలో అనుభవమే గురువు, అయినా కొన్ని ఆనవాళ్లు ఉన్నాయి. పైన రాకర్ కవర్ కింద వినిపించే పల్చటి టకటక టాపెట్ల సందులది, లేదా రాకర్ షాఫ్ట్ అరుగుదలది. సందు చల్లని ఇంజన్ మీద 0.38 మి.మీ. ఉండాలి. దీన్ని సరిచూడటానికి పాతకాలపు తొమ్మిది లెక్క పనికొస్తుంది. ఒకటో వాల్వు సర్దాలంటే ఎనిమిదోది పూర్తిగా తెరిచి ఉండాలి, రెండోదానికి ఏడోది, అలా రెండూ కలిస్తే ఎప్పుడూ తొమ్మిది. సందు సరిచేసినా చప్పుడు తగ్గకపోతే రాకర్ షాఫ్ట్ విప్పి అడుగువైపు చూస్తే గుంటలు కనబడతాయి. ఇది ఒక పూట పని, ఇంజన్ దించనక్కరలేదు.

చల్లగా ఉన్నప్పుడు వినిపించి వేడెక్కగానే మాయమయ్యే బోలు చప్పుడు పిస్టన్‌ది. దానితో ఏళ్లు గడపవచ్చు. ఇంజన్ ముందుభాగంలో గలగల టైమింగ్ గొలుసుది. అసలు భయపడాల్సింది లోతుగా, బరువుగా కొట్టే రెండు చప్పుళ్లకు. చుట్లు పెంచి ఒక్కసారిగా వదిలినప్పుడు వినిపించే గట్టి కొట్టుడు బిగ్ ఎండ్ బేరింగుది. ఆ సిలిండర్ ప్లగ్ వైరు తీసేస్తే ఆ కొట్టుడు తగ్గుతుంది. బరువు మీద లాగేటప్పుడు అడుగు నుంచి వచ్చే గురగుర మెయిన్ బేరింగులది. క్లచ్ తొక్కితే మారే చప్పుళ్లు ఇంజన్‌వి కావు. తొక్కగానే మొదలైతే ఈ కారులో గ్రాఫైట్‌తో చేసిన రిలీజ్ బేరింగుది, తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్సుది.

ఆయిల్ ప్రెషర్

ఎంజీబీ యజమానుల సంభాషణల్లో సగం ఆయిల్ ప్రెషర్ గురించే ఉంటుంది, అది న్యాయమే. కంపెనీ పుస్తకం ప్రకారం నడుస్తున్నప్పుడు చదరపు అంగుళానికి 50 నుంచి 80 పౌండ్లు, ఐడిల్‌లో 10 నుంచి 25 పౌండ్లు ఉండాలి. ఈ అంకెలు ఇంజన్ బాగా వేడెక్కాక చదవాల్సినవి. గ్యారేజీలో అయిదు నిమిషాలు నడిపితే నీళ్లు వేడెక్కుతాయి గానీ ఆయిల్ వేడెక్కదు. అరగంట రోడ్డు మీద తిప్పి వచ్చాక చూడాలి.

చల్లగా ఉన్నప్పుడు ముల్లు ఎంత పైకి పోయిందన్నది బేరింగుల గురించి ఏమీ చెప్పదు. చిక్కటి ఆయిల్ వల్ల ప్రెషర్ ఎలాగూ పెరుగుతుంది. ఒక హద్దు దాటకుండా రిలీఫ్ వాల్వు దాన్ని వదిలేస్తుంది కాబట్టి అప్పుడు కనిపించేది ఆ వాల్వు స్ప్రింగ్ బలం. వేడి ఇంజన్ ఐడిల్‌లో కనిపించేదే బేరింగుల సందు గురించిన కబురు. కొత్తగా కొన్నవాళ్లు చల్లని ఇంజన్‌లో 70 చూసి మురిసిపోయి, వేడిలో 15 చూసి గాభరాపడుతుంటారు. వేడి ఐడిల్‌లో 15 ఉండి, నిమిషానికి 3000 చుట్ల దగ్గర 50 దాటితే ఆ ఇంజన్‌కు చెప్పుకోదగ్గ రోగం లేదు. నడుస్తున్నప్పుడు 40 కూడా నిలబడకపోతే కారణం వెతకాలి.

ముందు వెతకాల్సింది గేజీలోనే. తొలి కార్లలో ఆయిల్‌నే సన్నటి గొట్టం ద్వారా డాష్‌బోర్డు దాకా తెచ్చారు, అవి చాలావరకు నిజం చెబుతాయి. కరెంటు గేజీలున్న కార్లలో సెన్సర్ ముసలిదైతే నోటికొచ్చింది చెబుతుంది. అరువు తెచ్చిన ఒక యాంత్రిక గేజీని నేరుగా బ్లాకుకు తగిలిస్తే అనుమానం తీరిపోతుంది. తర్వాత ఆయిల్ మార్చాలి. ఎవరో పల్చటి ఆధునిక ఆయిల్ పోసి ఉండవచ్చు, లేదా పెట్రోలు కలిసి పల్చబడి ఉండవచ్చు. ఆపైన బ్లాకు వెనకవైపు ఎడమ పక్కనున్న రిలీఫ్ వాల్వు విప్పి, కూర్చునే చోట మురికి ఉందేమో, స్ప్రింగ్ కుంగిందేమో చూడాలి. ఇవన్నీ అయ్యాకే పంపు, బేరింగులు. మొదటి మూడింటికీ అయ్యే ఖర్చు ఒక ఆయిల్ డబ్బా ఖరీదుతో తేలిపోతుంది. చివరి రెంటికీ ఇంజన్ చుట్టూ చాలా విప్పాలి.

క్రాంక్ అటూ ఇటూ జరిగే సందు కూడా అదే పూట చూసుకోవచ్చు. ఒకరు క్లచ్ తొక్కుతుంటే మరొకరు ముందున్న పుల్లీని గమనించాలి. ఉండాల్సిన సందు మిల్లీమీటరులో పదో వంతు చుట్టూ కాబట్టి పుల్లీ కదలిక కంటికి స్పష్టంగా కనబడిందంటే థ్రస్ట్ వాషర్లు అరిగినట్టే.

కంప్రెషన్, లీకేజీ, వాక్యూమ్

కంప్రెషన్ గేజీ అందరి దగ్గరా ఉంటుంది, సరిగా వాడేవాళ్లు తక్కువ. ఇంజన్ వేడిగా ఉండాలి, నాలుగు ప్లగ్గులూ తీసేయాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకోవాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి. 1974 వరకు ఈ కార్లకు సీట్ల వెనక రెండు 6 వోల్టుల బ్యాటరీలు ఉండేవి. అందులో ఒకటి నీరసించినా సెల్ఫ్ మెల్లగా తిరిగి, నాలుగు సిలిండర్లూ చెడినట్టు అంకెలు వస్తాయి. యాక్సిలరేటర్ తొక్కకపోయినా అంతే.

8.8 నిష్పత్తి ఉన్న ఇంజన్‌కు 160 పౌండ్లకు అటూ ఇటూ రావాలి. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున్న హైదరాబాద్‌లో గాలి ఒత్తిడే సుమారు 6 శాతం తక్కువ కాబట్టి అక్కడ 150 వస్తే విశాఖలో 160తో సమానం. అంకె ఎంతన్నదాని కంటే నాలుగూ దగ్గర దగ్గరగా ఉన్నాయా అన్నదే ముఖ్యం. పది శాతం తేడా వరకు పట్టించుకోనక్కరలేదు. ఒకటి తక్కువైతే ఆ సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. బాగా పెరిగితే రింగులు, కదలకపోతే వాల్వులు. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే వాటి మధ్య హెడ్ గాస్కెట్ కాలిందని దాదాపు ఖాయంగా చెప్పవచ్చు.

అయితే కంప్రెషన్ గేజీకి ఒక బలహీనత ఉంది. గైడ్ల నుంచి ఆయిల్ జారే ఇంజన్‌లో ఆ ఆయిలే రింగులకు తాత్కాలికంగా సీలు వేసి మంచి అంకె చూపిస్తుంది. దీనికి విరుగుడు లీక్‌డౌన్ పరీక్ష. పిస్టన్‌ను పైన నిలిపి, రెండు వాల్వులూ మూసి ఉన్నప్పుడు, కంప్రెసర్ గాలిని ప్లగ్ రంధ్రంలోంచి పంపి, ఎంత శాతం కారిపోతోందో కొలుస్తారు. పది శాతం లోపు చాలా మంచిది, ఇరవై దాటితే ఆలోచించాలి, ముప్ఫై దాటితే విప్పాలి అన్నది మెకానిక్‌ల మధ్య చలామణిలో ఉన్న లెక్క. శాతం కంటే గాలి ఎక్కడి నుంచి వస్తోందన్నదే విలువైన సమాచారం. కార్బ్యురేటర్‌లో బుస వినబడితే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్ గొట్టంలో వినబడితే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ మూత దగ్గర వినబడితే రింగులు, రేడియేటర్‌లో బుడగలు వస్తే గాస్కెట్టో, పగులో. ఇంజన్ విప్పకుండా విప్పినంత సమాచారం ఇచ్చే పరీక్ష ఇదొక్కటే. కంప్రెసర్ ఉన్న ఏ షెడ్డులోనైనా చేయించుకోవచ్చు.

వాక్యూమ్ గేజీ వాడకం ఇప్పుడు తగ్గిపోయింది. సముద్రమట్టం దగ్గర ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ ఐడిల్‌లో 17 నుంచి 21 అంగుళాల మధ్య ముల్లు నిలకడగా ఉంటుంది. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ ఒక అంగుళం తగ్గించుకోవాలి. లయగా ఒకేచోట తటాలున పడే ముల్లు ఒక వాల్వు సరిగా మూసుకోవడం లేదని చెబుతుంది.

నీళ్లు, హెడ్డు

బీ-సిరీస్ హెడ్డులో రెండు, మూడు సిలిండర్లకు కలిపి మధ్యలో ఒకే ఎగ్జాస్ట్ దారి ఉంటుంది. వేడంతా అక్కడ చేరుతుంది. ఒకసారి బాగా వేడెక్కిన ఇంజన్‌లో వాల్వు సీట్ల మధ్య పగుళ్లు రావడం ఈ కుటుంబానికి తెలిసిన జబ్బే. రేడియేటర్ మూత తీసి, చల్లని ఇంజన్ నడిపి చూస్తే ఆగని బుడగలు కనబడతాయి. రేడియేటర్ నోటి దగ్గర ఆవిరిని పీల్చి నీలం ద్రవంలోంచి పంపే చవక పరీక్ష కూడా ఉంది. సిలిండర్ వాయువు చేరి ఉంటే ద్రవం పసుపుకు మారుతుంది. నీళ్లు తుప్పురంగులో ఉంటే బ్లాకు వెనక భాగంలో బురద పేరుకుని ఉంటుంది, నాలుగో సిలిండర్ చుట్టూ అది ఎక్కువ.

అపరాధి కానివి

ఈ ఇంజన్‌కు ఆయిల్ కారుడు పుట్టుకతో వచ్చింది. మూడు బేరింగుల రకంలో క్రాంక్ వెనకవైపు నిజమైన సీలే లేదు. ఆయిల్‌ను వెనక్కి నెట్టే మెలిక గాడి మాత్రమే ఉంది. నాలుగు చుక్కలు నేలమీద పడటం దాని నైజం. కానీ క్లచ్ గూడు దగ్గర కారే ఆయిలంతా వెనక సీలుది కాదు. టాపెట్ల పక్క మూతల నుంచి, రాకర్ కవర్ వెనక అంచు నుంచి కారినది కూడా బ్లాకు వెంట జారి అక్కడికే చేరుతుంది. శుభ్రంగా కడిగి, పొడి పౌడర్ చల్లి, ఒక గంట నడిపి చూడకుండా ఇంజన్ దించేవాళ్లు అనవసరంగా ఖర్చుపడుతున్నారు.

క్రాంక్ గూటిలోని ఆవిరి బయటికి పోయే దారి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి ప్రతి అతుకు నుంచీ ఆయిల్ తన్నుకొస్తుంది, పొగ కూడా వస్తుంది. 1964 నుంచి కొన్నేళ్లపాటు వచ్చిన కార్లలో ఈ ఆవిరిని ఇంజన్‌లోకే లాగే చిన్న వాల్వు ఉండేది. దానిలోని రబ్బరు పొర చిరిగితే ఇంజన్ ఆయిల్ తాగుతుంది, ఐడిల్ నిలబడదు. ఆ పొర ఖరీదు ఎంతో తెలిశాక, దానికోసం బోరు చేయించుకున్నవాళ్ల మీద జాలి కలుగుతుంది.

పికప్ లేకపోవడానికి ఎస్‌యూ కార్బ్యురేటర్ పైన గొట్టంలో పల్చటి ఆయిల్ ఎండిపోవడం చాలు. థ్రాటిల్ కడ్డీలు అరిగి గాలి పీల్చడం ఈ వయసు కార్లన్నిటిలో ఉంది. డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ డబ్బా చిరిగితే, పాయింట్ల సందు మూసుకుపోతే, టైమింగ్ వెనకబడితే ఇంజన్ వేడెక్కి నీరసంగా లాగుతుంది. అందుకే లీక్‌డౌన్ అంకెలు బాగున్న ఇంజన్ నీరసంగా ఉంటే చూపు బానెట్ కిందనున్న బయటి సామాను మీదికి మళ్లాలి.

పెట్రోలు మార్పులు

ఎంజీబీ హెడ్డును సీసం కలిపిన పెట్రోలు ఉన్న రోజుల్లో రూపొందించారు. సీసం ఎగ్జాస్ట్ వాల్వు సీట్ల మీద పల్చటి పొరగా ఉండి వాటిని కాపాడేది. బ్రిటన్‌లో, భారత్‌లో 2000 నాటికి సీసం పెట్రోలు సాధారణ అమ్మకం నుంచి పోయింది. గట్టి సీట్లు దిగ్గొట్టని హెడ్డుతో హైవే మీద గట్టిగా, ఎక్కువసేపు నడిపితే సీట్లు మెల్లగా కుంగుతాయి. దాన్ని పట్టుకునే దారి సులువు. ఎగ్జాస్ట్ టాపెట్ల సందు రాసిపెట్టుకుని, కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత మళ్లీ కొలవాలి. సందు తగ్గుతూ పోతుంటే సీటు కుంగుతోందన్నమాట. ఊళ్లో నెమ్మదిగా తిరిగే కారుకు దీని కోసమే హెడ్డు దించనక్కరలేదు. వేరే పనికి దించినప్పుడు సీట్లు వేయించుకుంటే సరిపోతుంది.

ఇథనాల్ కలిసిన పెట్రోలు మరో చిక్కు. భారత్‌లో ఇప్పుడు అమ్మేది చాలాచోట్ల 20 శాతం ఇథనాల్ ఉన్నదే. ఇది పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది, చెమ్మను పట్టుకుంటుంది, మిశ్రమాన్ని పల్చన చేస్తుంది. ప్లగ్గులు తెల్లగా రావడం, వేడిలో పికప్ తడబడటం ఇంజన్ లోపంగా కనిపించవచ్చు. కార్బ్యురేటర్ కొంచెం చిక్కన చేసి చూశాకే వేరేది ఆలోచించాలి.

ఇతర కార్లలో

పద్ధతి ఇదే అయినా ఒక్కో కారుకు ఒక్కో మర్మస్థానం ఉంటుంది. ట్రయంఫ్ టీఆర్6లో క్రాంక్ థ్రస్ట్ వాషర్లు ఊడి ఆయిల్ గూటిలో పడిపోతాయి, కాబట్టి పుల్లీ పరీక్షతోనే మొదలుపెట్టాలి. జాగ్వార్ 4.2 లీటర్ల ఎక్స్‌కే ఇంజన్‌లో బోర్ల మధ్య బ్లాకు పగలడం, ట్రయంఫ్ స్టాగ్‌లో వేడెక్కడం పేరుపడ్డ రోగాలు. గాలితో చల్లబడే పోర్షె 911కు రేడియేటర్ పరీక్షలేవీ వర్తించవు. అక్కడ చూడాల్సింది గొలుసు టెన్షనర్లను, ఊడి వచ్చే హెడ్ స్టడ్లను. ఎంజీబీ జీటీ వీ8లోని 3528 సీసీ అల్యూమినియం ఇంజన్‌లో ఆయిల్ సమయానికి మార్చకపోతే క్యామ్‌షాఫ్ట్ అరుగుతుంది.

విప్పాలా, వద్దా

ఫిల్టర్‌లో రాగి, వేడిలో పడిపోయే ప్రెషర్, కింద కొట్టుడు మూడూ కలిసి వస్తే ఇంజన్ దించాల్సిందే. ఒక్కటే ఉంటే ఆగి మళ్లీ కొలవవచ్చు. లీక్‌డౌన్‌లో వాల్వులు మాత్రమే కారుతూ కింది భాగం బాగుంటే హెడ్డు పని చాలు. కానీ అరిగిన రింగుల మీద కొత్త హెడ్డు బిగిస్తే పొగ మునుపటికంటే ఎక్కువ కావడం చాలాచోట్ల జరిగేదే. వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు ఆయిల్ తాగడం ఈ ఇంజన్‌కు సహించదగిందే. లీటరు దాటితే సిలిండర్లను మళ్లీ పరీక్షించాలి.

బోరు చేయించాల్సి వస్తే ముందు ఎన్ని థౌ కోశారో తెలుసుకోవాలి. పిస్టన్ తల మీద 20, 30, 40 అన్న అంకె ఉంటే అది అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. కెమెరా పెట్టినప్పుడే ఆ అంకె కనబడవచ్చు. ఖాళీగా ఉంటే అసలు సైజు, ఇంకా కోయడానికి చోటుంది. 40 దాటి ఉంటే లేత్ షాపులో స్లీవులు దింపి మళ్లీ మొదటి సైజుకు తేవడం మేలు. పిస్టన్లు, బేరింగులు, గాస్కెట్లు ఈ ఇంజన్‌కు బ్రిటన్‌లో ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి. అరుదైన ఇటాలియన్ కారు కొన్నవాడికి ఈ సుఖం లేదు.